బావగారి చరాంగో

మా బావకు సంగీతంతో ఉన్న పరిచయమంతా కారు హారన్ దగ్గరే ఆగిపోయింది. మధిరలో ఆయనకు పురుగుమందుల షాపుంది. సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్లు అప్పుడప్పుడు విదేశాలు తిప్పుకొస్తుంటారు. ఒకసారి బ్యాంకాక్, ఇంకోసారి దుబాయ్. ఆ ఏడాది ఏమనిపించిందో గాని దక్షిణ అమెరికాకు తీసుకుపోయారు. మన మిరపతోటల మీద రైతులు కొట్టిన మందు మా బావను ఎగరేసి ఆండీస్ కొండల మీద దించింది. మిగతా డీలర్లు ఉన్ని టోపీలు కొనుక్కున్నారు. అందరూ కొన్నది తానూ కొంటే బావ ఎలా అవుతాడు? బొలీవియాలో ఒక చిన్న దుకాణంలో చరాంగో కొన్నాడు.

చరాంగో అంటే చిన్న తీగల వాద్యం. గిటారుకు పుట్టిన పిల్లలా మూరన్నర పొడుగుంటుంది. పది తీగలు, రెండేసి చొప్పున ఐదు జతలు. బావ తెచ్చినదాని వీపు బోర్లించిన చిప్పలా ఉబ్బెత్తుగా ఉండి, దాని నిండా పొలుసులు తీర్చి ఉన్నాయి.

"ఇది జంతువు డొప్ప, బామ్మర్దీ! ఆర్మడిల్లో అంటారు. మన అడవిలో అలుగు లేదూ? దానికి చుట్టం. డొప్ప మీద తీగలు బిగించారు. ఇలాంటిది ఈ జిల్లాలో ఇంకోటి ఉంటే చూపించు," అన్నాడు నా చేతిలో పెట్టకుండానే.

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏవండీ, చచ్చినదాన్ని తెచ్చి హాల్లో పెడతారా?" అని వారం రోజులు దాన్ని పెట్టిన అలమారా వైపు చీపురు కూడా తిప్పలేదు.

నేను కొత్తగూడెంలో జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తాను. "మా బామ్మర్ది. చరిత్ర చెప్తాడు పాపం," అని నన్ను నలుగురికి పరిచయం చేయడం బావకు అలవాటు. ఆ 'పాపం' అనే మాటను పదిహేనేళ్లుగా మింగుతున్నాను. అందుకే ఒకరోజు బావ భోజనానికి లేచినప్పుడు, చరాంగో తీసి సెల్‌ఫోన్ లైటు వేసి దాని గుండ్రటి రంధ్రంలోకి చూశాను. లోపల ఒక చీటీ అంటించి ఉంది. స్పానిష్ అక్షరాలు. ఫోనే తర్జుమా చేసి పెట్టింది: చేత్తో చేసినది, ఒకే మొద్దులోంచి చెక్కినది.

అంటే ఇది డొప్ప కాదు, కట్టె. పొలుసులు ఉలితో చెక్కి రంగు పూసినవి. చరాంగోను తిరిగి అలమారాలో పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లి బావ పక్కన పప్పుచారు పోసుకున్నాను. చీటీ సంగతి ఎప్పటికైనా పనికొస్తుందని దాచుకున్నాను.

ఆ తర్వాత కుతూహలం కొద్దీ చదివాను. స్పెయిన్ వాళ్లు వెండి గనుల కోసం ఆ కొండలెక్కినప్పుడు గిటారులాంటి తమ వాద్యాలను వెంట తీసుకుపోయారట. అక్కడి జనం వాటిని చూసి, తమ చేతికి, తమ పాటకు సరిపోయేలా చిన్నది చేసుకున్నారు. గనుల ఊరు పొటోసీలో పుట్టిందని కొందరు, కాదు మా దగ్గరేనని పెరూ వాళ్లు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. పూర్వం ఆర్మడిల్లో డొప్పతోనే ఎక్కువగా చేసేవారు. ఇప్పుడా జంతువు తగ్గిపోయి, చంపడం నేరమైంది. అందుకే కట్టెతో చేస్తున్నారు. నేనూ బొగ్గు గనుల కొత్తగూడెంలో పుట్టినవాణ్ని కాబట్టి ఇది నాకు బాగా తగిలింది. భూమి లోపలికి దిగి పైకొచ్చిన మనిషికి ఏదో ఒకటి వాయించుకోవాలనిపించడంలో వింతేముంది?

ఇంతలో భద్రాచలంలో ఒక సాంస్కృతిక సంఘం వాళ్లు బావను ప్రసంగానికి పిలిచారు. సంఘం కార్యదర్శి బావ షాపులో ఖాతాదారు. 'ఆండీస్ నుంచి గోదావరి దాకా' అని ఫ్లెక్సీ కట్టారు. దాని మీద బావ ఫొటో చరాంగో కంటే నాలుగింతలుంది. ప్రసంగం రాసిమ్మని బావ నన్నడిగితే, చదివినదంతా రెండు పేజీల్లో రాసిచ్చాను. కారు పాల్వంచ దాటాక వాటిని చూసి మడిచి డ్యాష్‌బోర్డులో పడేశాడు.

"ఇందులో మన గొప్పేముందయ్యా?" అన్నాడు.

సభలో బావ మన గొప్పను బయటికి తీశాడు. ముందు వరసలో శాలువాలు కప్పుకున్న పెద్దలు, వెనక పిలిపించిన హాస్టల్ పిల్లలు. బావ చరాంగోను పైకెత్తి, "అసలు ఆండీస్ అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? ఆంధ్రులు వెళ్లి స్థిరపడ్డారు కాబట్టి ఆండీస్!" అన్నాడు.

వెనకనుంచి ఎవరో, "మరి తెలంగాణోళ్లు ఎటు పోయిన్రు సార్?" అని అడిగారు. హాలంతా నవ్వింది.

బావ తడబడలేదు. "వాళ్లూ వెనక బండ్లో వెళ్లారు," అన్నాడు. ఆ నవ్వుల్లోనే ఊపందుకుని వాద్యాన్ని తిప్పి వీపు చూపించాడు. "ఇది అసలైన జంతువు డొప్ప! మన అలుగుకు స్వయానా చుట్టం. ముట్టుకుంటే ప్రాణమున్నట్టే ఉంటుంది!"

సభ అయిపోయి బావ మెడలో దండ తీస్తుండగా, మూడో వరసలోంచి ఖాకీ చొక్కా మనిషి ఒకాయన వచ్చాడు. అటవీశాఖ సెక్షన్ ఆఫీసరట. చాలా మర్యాదగా నమస్కారం పెట్టాడు.

"సార్, ఉపన్యాసం మంచిగున్నది. గా డొప్పకు కాగితాలున్నయా?"

"కాగితాలేంటి? బిల్లుంది," అన్నాడు బావ.

"బిల్లు గాదు సార్, పర్మిషన్. ఈ ఏరియాల అలుగును వేటాడేటోళ్ల కోసం మేం రాత్రింబగళ్లు తిరుగుతున్నం. అలుగు చుట్టమైనా, పక్కింటిదైనా, అడవి జంతువు డొప్ప అని మైకుల మీరే చెప్పిన్రు. జర రేంజ్ ఆఫీసు దాకా రావాలె."

బావ ముఖంలో రంగు దిగిపోవడం చూశాను. నిజం చెప్తున్నాను, సంతోషించాను. చీటీ సంగతి అక్కడే చెప్పి ఉంటే కథ అయిపోయేది. పదిహేనేళ్ల 'పాపం' నా నోరు కట్టేసింది. ఏమీ తెలియనట్టు వెళ్లి కారులో కూర్చున్నాను.

రేంజ్ ఆఫీసులో టేబుల్ మీద, కలప దొంగల దగ్గర పట్టుకొచ్చిన రంపాల పక్కన చరాంగోను పెట్టారు. ఆఫీసరు తెల్ల కాగితం తీసుకుని పేరు రాయబోయాడు. అప్పటిదాకా ఫోన్లో ఎమ్మెల్యే పీఏ కోసం ప్రయత్నిస్తున్న బావ ఫోను కింద పెట్టేశాడు. గొంతు తగ్గించి, "సార్, ఇది డొప్ప కాదేమోనండీ... ప్లాస్టిక్ అయ్యుంటుంది," అన్నాడు.

"ఇందాక ప్రాణమున్నట్టే ఉందన్నరు గద సార్?"

"సభలో ఏదో అంటాం కదండీ!"

ఇక చాలనిపించి, లోపలి చీటీ సంగతి చెప్పాను. బావ నా వైపు చూసిన చూపును ఇప్పటికీ మరచిపోలేదు. ఆఫీసరు మాత్రం నా ఫోను తర్జుమాను నమ్మలేదు. కలప డిపోలో పనిచేసే వడ్రంగిని పిలిపించాడు. దుమ్ముగూడెం వైపు గూడెం మనిషి, అరవై దాటి ఉంటాయి. వచ్చి చేతులు లుంగీకి తుడుచుకుని, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు చరాంగోను ఎత్తుకున్నాడు. గోటితో గీకాడు. వాసన చూశాడు. అంచున రంగు లేచినచోట వేలితో రుద్దాడు.

"గిది డొప్ప గాదు సార్. కట్టెనే," అన్నాడు.

బావ కుర్చీలోంచి లేచి, "కట్టే! కట్టే! నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా!" అన్నాడు.

పెద్దాయన ఆ మాట వినిపించుకోలేదు. రంధ్రంలోకి చూపుడువేలు పెట్టి లోపలంతా తడుముతున్నాడు. "మెడ, కడుపు అన్నీ ఒక్కటే మొద్దు. యాడ అతుకు లేదు. గింత పల్చగ తొలిసిండంటే, ఉలి జర జారితే అంతా పాయె. ఎవడు చేసిండో గాని పనోడు సార్." తర్వాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, "మా డోలు గిట్లనే తొలుస్తం, ఒక్కటే మొద్దుల," అన్నాడు.

అంతే. బావకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "విన్నారా ఆఫీసర్ గారూ? మన డోలు లాగానే! అంటే ఈ విద్య ఇక్కణ్నుంచే అక్కడికి వెళ్లిందన్నమాట!"

పెద్దాయన తలెత్తి బావను ఎగాదిగా చూశాడు. "మా తాత యాడికి పోలే సార్. పాల్వంచ సుత చూడలే."

"అది కాదు పెద్దాయనా, పూర్వం..."

"గక్కడోళ్లకు చేతులు లెవ్వా సార్?"

ఆఫీసరు కాగితం అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను పైకే నవ్వాను. కాని ఆ నవ్వు ఆగాక నాకు సిగ్గేసింది. రెండు పేజీలు రాసి నేను చెప్పలేనిదాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. పైగా ఆ వాద్యం ఇన్నాళ్లూ మా మధ్యే ఉన్నా, బావ దాన్ని గొప్పకు వాడుకున్నాడు, నేను కక్షకు వాడుకున్నాను. దాన్ని చేసినవాడి పనితనం ఎలా ఉందని వేలు పెట్టి చూసింది మాత్రం ఈయనొక్కడే.

వస్తూంటే కిన్నెరసాని వంతెన దాటాక బావ కారు వేగం తగ్గించాడు. తర్వాత అడిగాడు, "చీటీ ఎప్పుడు చూశావు?"

"మీరు తెచ్చిన వారానికే."

"మరి చెప్పలేదేం?"

"చరిత్ర చెప్పేవాణ్ని బావా. అడిగితేనే చెప్తాను."

కొత్తగూడెంలో నన్ను దింపుతూ, వెనక సీట్లోంచి చరాంగోను తీసి నా ఒళ్లో పడేశాడు. "నువ్వే ఉంచుకో. ఉట్టి కట్టేగా!" అన్నాడు. కేసు నుంచి కాపాడింది కట్టే. విలువ లేకుండా పోయింది కూడా కట్టె అయినందుకే. మొహమాటానికైనా వద్దనలేదు, పట్టుకుని దిగిపోయాను.

ఇప్పుడు ఆదివారాలు దాంతో కుస్తీ పడుతుంటాను. తీగల శ్రుతి కింది నుంచి పైకి వరసగా పోదు, మధ్యలో ఎక్కి దిగుతుంది. నా వేళ్లకు ఆ దారి ఇంకా దొరకలేదు. ఒకసారి డిపో దగ్గరికి తీసుకుపోయి పెద్దాయన ముందు ఒక వరస వాయించాను. ఆయన పని ఆపి, కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు.

"చేసినోడు మంచిగ చేసిండు సార్," అని మళ్లీ రంపం అందుకున్నాడు.