రెండు మెషిన్ల నడుమ మా మాస్టారు

మా బ్రెయిలీ మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేశారు. "నిద్దర్లోనే ఎల్లిపోనారమ్మా, ఎవుర్నీ ఇబ్బంది పెట్టనేదు" అన్నారు. ఇబ్బంది పెట్టకపోవడం ఆయన అలవాటు. ఇబ్బంది పెట్టడం ఎప్పుడూ నా వంతు.

అంధుల బడిలో నాకు ఆరేళ్లప్పుడు చుక్కలు నేర్పింది ఆయనే. ఆయనకీ చూపు లేదు. నా వేలు పట్టుకుని కాగితం మీద నడిపిస్తూ, "నొక్కకమ్మా, తడుము. అచ్చరం ఎక్కడికీ పారిపోదు" అనేవారు. బ్రెయిలీ పలక మీద సూదితో రాయించి రాయించి చేతులు నొప్పి పుట్టించేవారు. అదీ చెప్పుకోవాలి.

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో అనకాపల్లిలో డిగ్రీలో చేరాను. ఒక దాతల సంస్థ నాకు బ్రెయిలీ మెషిన్ ఇచ్చింది. ఆరు మీటలతో రాస్తే దాచుకుంటుంది. అడిగితే ఒక వరసలో చుక్కలు లేపి చదివిస్తుంది. లేని కళ్లు నెత్తికెక్కాయి నాకు. పలకని అటకెక్కించి, మెషిన్ తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన అంతా తడిమి ఒకటే అడిగారు: "ఇది పాడైతే నీ రాత నీకు తిరిగిత్తాదా?" ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఫైనలియర్ పరీక్షలు నెల ఉన్నాయనగా మీటలు పనిచేయడం మానేశాయి. చుక్కలు మాత్రం లేస్తున్నాయి. సంస్థవాళ్లు మరో కంపెనీ మెషిన్ ఇచ్చి, పాతది పది రోజుల్లో తిరిగి ఇచ్చేయమన్నారు. పాతదాని ఫైళ్లు కొత్తది తెరవదు. నా మూడేళ్ల నోట్సూ అందులోనే ఉంది. పాత కంపెనీకి ఫోన్ చేస్తే "కొత్త మెషిన్ వాళ్లనే అడగండి" అన్నారు. కొత్తవాళ్లు "మొదట్నుంచీ మాదే వాడుంటే ఈ బాధ లేకపోను కదా మేడమ్" అన్నారు.

నేనే చదివి నేనే రాసుకుందామంటే, చదవడానికీ చేతులే కావాలి, రాయడానికీ చేతులే కావాలి. ఏడుస్తూ మాస్టారింటికి వెళ్లాను. ఆయన ఒక్క మాట దెప్పలేదు. "కంపెనీలోల్లు మాటాడుకోపోతే మనం మాటాడుకుందాం. పాతది నా ఒల్లో ఎట్టు. నాను సదూతాను, నువ్వు రాయి" అన్నారు.

తొమ్మిది రోజులు కాలేజీ అవగానే వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి, ఎకనామిక్స్ ముక్క తెలియదు. నా రాతలో తప్పు దొరికితే మాత్రం ఆగి, "ఇదేటమ్మా, నానిలాగ నేర్పేనా?" అని కసిరేవారు. మూడో రోజుకే గొంతు బొంగురుపోయింది. వేడినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేవారు. అర్థం చూసుకునే తీరిక లేక, చెవిన పడ్డది పడ్డట్టే కొత్తదాని మీద కొట్టుకుంటూ పోయాను.

పరీక్ష పాసయ్యాను. ఇప్పుడు ఎస్. రాయవరం వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఆయనకి సరిగ్గా కృతజ్ఞత చెప్పానో లేదో గుర్తు రావడం లేదు. అది నన్ను చాలా బాధపెడుతోంది.

మంగళవారం సాయంత్రం ఆయన్ని సాగనంపి వచ్చి, దాచుకున్న ఆ రెండో మెషిన్ తీసి ఆ నోట్సు తెరిచాను. పరీక్షల హడావుడిలో చెరపడం కుదరక వదిలేసినవన్నీ అలాగే ఉన్నాయి. డిమాండ్ సూత్రం మధ్యలో, "టీ సల్లారిపోతంది, తాగమ్మా." బ్యాంకుల పాఠంలో, "ఆగు, దగ్గొత్తంది." ఆ పాఠం చివర చుక్కలు మళ్లీ లేచాయి.

"సీకటి పడిపోనాదంట. మీయమ్మ ఎదురుసూత్తాది, ఇంటికెల్లమ్మా. మిగతాది రేపు సదూతాను."