దర్జీ కత్తిరించని చొక్కా

అది కరువు రెండో ఏడు. ఉదయగిరి నుంచి నడిచి ఆత్మకూరు సత్రం చేరేసరికి నిలబడే ఓపిక కూడా లేదు. అరుగు మీద ఒక ముసలి దర్జీ కుట్టుకుంటా కూర్చోని ఉన్నాడు. నాకున్నది ఒకటే చొక్కా, పెళ్లికి కుట్టించింది. అది భుజాల మీంచి జారి, దిష్టిబొమ్మకు తొడిగినట్టు వేలాడతా ఉండాది. ఇంకోటి కుట్టించే స్తోమత లేదు.

"ఎక్కువైన గుడ్డ కత్తిరించి, ఒంటికి సరిపోయేట్టు కుట్టు పెద్దాయనా" అన్నాను.

ఆయన నా మెడ ఎముకల వైపు చూసినాడు. కత్తెర ముట్టుకోలేదు.

"కత్తిరించనయ్యా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. గుడ్డ నాది గదా.

"గుడ్డ గట్టిది, ఇంకా పదేళ్లు వస్తాది. చిక్కింది నువ్వు. వానలు పడితే ఒళ్లు మళ్లీ వస్తాది."

రెండు పక్కలా లోపలికి మడిచి, లాగితే ఊడొచ్చేట్టు పెద్ద పెద్ద కుట్లు వేసినాడు. వంగినప్పుడు ఆయన చొక్కా చూసినాను. దానికీ అవే కుట్లు, మడత మీద మడత, మూడు వరసలు.

మూడేళ్లకు నా భార్య ఆ కుట్లు విప్పింది. చొక్కా సరిగ్గా సరిపోయింది.

ఆయన మూడు వరసల్లో ఒక్కటన్నా విప్పుకున్నాడో లేదో.