స్పీకరే లేదన్న లాప్‌టాప్

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాయడం పూర్తయ్యాక కూడా నమ్మను. అయినా జరిగింది జరిగినట్టు చెప్పడానికి నాకు భయమెందుకు?

మాది బిలాస్‌పూర్. నాన్న రైలింజన్ డ్రైవరు. రిటైరయ్యాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి ఊరి చివర తిఫ్రాలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. నిరుడు ఆయన పోయారు. ఇప్పుడు ఆ ఇంట్లో అమ్మా నేనూ ఉంటున్నాం.

ఇక్కడ బడుల్లో హిందీయే కాబట్టి తెలుగు రైల్వే కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. వాళ్లకు ఆన్‌లైన్‌లో అక్షరాలు నేర్పుతాను. సోమవారం కొత్త క్లాసు మొదలవ్వాలి. సరిగ్గా అప్పుడే నా కంప్యూటర్ పాడైంది. నాన్న లాప్‌టాప్ ఉంది గానీ, విండోస్ తెరుచుకోవడానికే పావుగంట పట్టేది. దాని బదులు తేలికగా నడిచే లినక్స్ వేద్దామని నిశ్చయించుకున్నాను. పాత డిస్కు తీయించి బీరువాలో దాచి, కొత్తది పెట్టించాను.

ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోయింది. రెండోసారీ అక్కడే ఆగింది. పక్క వీధిలో ఉండే తమ్ముడు వచ్చి చూశాడు.

"ఒగ్గీయే అక్కా. అది నాన్న సామాన్. ఇంకొకలు ముట్టుకుంటే ఊరుకోడు."

"ఊరుకోకపోతే నాతోనే చెప్పమను" అన్నాను.

లోపం డౌన్‌లోడైన ఫైలుది. తమ్ముడి కంప్యూటర్‌లో మళ్లీ దించి, వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెడితే ఇరవై నిమిషాల్లో పనైపోయింది. అన్నీ నడిచాయి, శబ్దం తప్ప. సెట్టింగ్స్‌లో చూస్తే ఈ లాప్‌టాప్‌కు అసలు స్పీకరే లేదన్నట్టు చూపిస్తోంది. స్పీకర్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ దానికి దొరకలేదని అర్థం.

శనివారం పొద్దున్న పదకొండు గంటలు. కనీసం మైకైనా పనిచేస్తోందేమో చూద్దామని, క్లాసుల కోసం కొన్న మైకు తగిలించి రికార్డింగ్ మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు అన్నాను.

"నీలా, టీ అయిందేటి? డ్యూటీకి టైమైపోతంది."

నాన్న గొంతు, అమ్మను పేరు పెట్టి పిలుస్తూ. చివర ఆయన దగ్గు. ఎదురుగా ఉన్న లాప్‌టాప్‌లోంచే వచ్చింది. నా ఫోను లోపలి గదిలో ఛార్జింగ్‌లో ఉంది. టీవీ వేసి లేదు. ఇంటర్నెట్ ఇంకా కలపలేదు.

"అయిపోయిందండీ, తెత్తన్నాను" అంది వంటింట్లోంచి అమ్మ, పాత అలవాటు కొద్దీ. మరుక్షణం గిన్నె కింద పడిన చప్పుడు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏటే అది? నువ్వూ విన్నావేటి?"

"విన్నానమ్మా."

వచ్చి నా పక్కన కూర్చుంది. లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది. "ఇంకోపాలి అనమనే" అంది. ఏ మీట నొక్కాలో నాకు తెలిస్తే కదా!

ఆదివారం కారణం దొరికింది. స్పీకర్‌కు కావలసిన ఒక ఫైలు కొత్త సిస్టమ్‌తో పాటు రాలేదు. దాన్ని వేసి రీస్టార్ట్ చేస్తే శబ్దం వచ్చింది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ముందటి రోజు రికార్డింగ్ పెట్టాను.

ఒకటి, రెండు, మూడు అన్న నా గొంతు వినిపించింది. తర్వాత, ఒక మాట అనడానికి పట్టేంతసేపు, ఫ్యాను హోరు. ఆపైన దూరం నుంచి అమ్మ: "అయిపోయిందండీ, తెత్తన్నాను." గిన్నె పడిన చప్పుడు.

అమ్మ చీరకొంగుతో ముఖం కప్పుకుంది.

శాంతి చేయించి, దాన్ని అమ్మేద్దామన్నాడు తమ్ముడు. కుదరదన్నాను. సోమవారం క్లాసు దాని మీదే చెప్పాను. ఈరోజుకీ దాని మీదే చెబుతున్నాను.

మా భ్రమ అంటారా? ఇద్దరికీ ఒకే మాట, ఒకే క్షణంలోనా? మైకు నా మాట పట్టింది. వంటింట్లోంచి అమ్మ జవాబూ పట్టింది. మధ్యలోని ప్రశ్నను ఎందుకు పట్టలేదో నాకు తెలియదు. తెలియదనే చెబుతాను. దెయ్యమని మాత్రం, ఎవరు చెప్పినా, అనను. ఆయన మా నాన్న.