కుంకుడు రసంలో యుద్ధ ట్యాంకులు

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగం వచ్చి కలకత్తాలో దిగిన మొదటి ఏడాదిలో, నాకు అర్థం కాని ప్రతి మాటకూ తల ఊపే అలవాటు ఉండేది. బెంగాలీ బొత్తిగా రాదు. హిందీ పరీక్ష పాసయ్యేంత వచ్చు గాని మనుషులతో మాట్లాడేంత రాదు. ఎదుటివాళ్ళను మధ్యలో ఆపి 'మళ్ళీ చెప్పండి' అనడానికి మొహమాటం. తల ఊపేస్తే ఏ గొడవా ఉండదనుకున్నాను. అలా ఊపి ఊపి నెల తిరక్కుండా వీధి క్లబ్బులో సభ్యుణ్ణయ్యాను, నాకు లేని మోకాలి నొప్పికి హోమియో మాత్రలు మింగాను, మెస్సులో రోజూ రెండు గరిటెల కాకరకాయ వేయించుకున్నాను (నాకు ప్రాణమని వంటాయన అందరికీ చెప్పాడట). ముప్పై ఎనిమిది యుద్ధ ట్యాంకులు కూడా సరిగ్గా ఇలాగే నా చేతికొచ్చాయి.

భవానీపూర్‌లో నేను అద్దెకున్న ఇంటాయన్ని వీధంతా 'జనరల్' అనేవాళ్ళు. నేను 'జనరల్ కాకు' అనేవాణ్ణి (కాకు అంటే అక్కడ బాబాయి). నిజంగానే సైన్యంలో చేశాడనుకుని మొదటి వారమంతా మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నిటారుగా నిలబడ్డాను. తీరా చూస్తే ఆయన బీమా ఆఫీసులో గుమస్తాగా రిటైరైనవాడు. ఆయన సైన్యమంతా అటక మీద ఒక చెక్కపెట్టెలో ఉండేది. బొటనవేలంత ట్యాంకులు, గోరంత సిపాయిలు. ఇద్దరు మనుషులు బల్ల మీద ఇలాంటి సైన్యాలు పరుచుకుని, పాచికలు వేసి, దర్జీ టేపుతో దూరాలు కొలుచుకుంటూ పూటల తరబడి యుద్ధం చేస్తారట. ఆ ఆట నియమాలు కాకు నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తల ఊపాను.

ఆ సైన్యాన్ని ఆయన అమ్మేద్దామనుకున్నాడు. గోరంత సిపాయికి కనుబొమ్మ గీసిన చెయ్యి ఆయనది, అలాంటిది ఇప్పుడు టీ కప్పు సాసరులో పెట్టినా గలగలమంటోంది. "ఆడని సైన్యం అటక మీద ఉండకూడదు. ఆడేవాళ్ళ దగ్గరికి పోవాలి. కానీ మొత్తం ఒకే చోటికి పోవాలి. ఒక్క ట్యాంకు కూడా విడిపోకూడదు," అన్నాడు. (ఆయన బెంగాలీ, నా హిందీ దారి మధ్యలో ఎక్కడో కలుసుకునేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.) హౌరాలో బడిపిల్లలకు చరిత్ర చెప్పే ఒక దీదీ తీసుకుంటానందట, ధర ఫోన్లోనే కుదిరిపోయిందట. ఆదివారం ఈ ఆటగాళ్ళంతా ఒక హాల్లో ప్రదర్శన పెట్టుకుంటారు, అక్కడ పాత సామాను చేతులు మారడానికి ప్రత్యేకంగా ఒక బల్ల ఉంటుంది. నేను ఆ పెట్టె తీసుకెళ్ళి దీదీ చేతికి ఇచ్చి రావాలి.

"ఆవిడే ఇక్కడికొచ్చి తీసుకెళ్ళొచ్చు కదా కాకూ?" అన్నాను.

"గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాను. నా మీద నాకు నమ్మకం లేదు. అక్కడికి కూడా రాను, వెళ్ళిపోతుంటే చూడలేను," అన్నాడు.

తల ఊపాను. పెట్టె నా గదికి చేరింది.

శనివారం మధ్యాహ్నం బడ్జ్ బడ్జ్ నుంచి మా పిన్ని వచ్చింది. బాబాయి అక్కడి నూనె డిపోలో పని. నెలకోసారి లోకల్ ట్రైనెక్కి నన్ను చూడడానికి వచ్చి, చేపల పులుసు గిన్నె దించి, నా జుట్టు ఎంత ఊడిందో వేళ్ళతో పాయలు తీసి చూసేది. ఈసారి శ్రీకాకుళం నుంచి తెప్పించిన కుంకుడుకాయలు కూడా తెచ్చింది. మూత తీసి ఉన్న పెట్టెలోకి తొంగి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏటిరా ఇది? ఇంతోటి మురికి బొమ్మలు ఎవుడు కొంటాడు?"

నిజమే, ట్యాంకుల నిండా బురద. చక్రాల్లో అట్టలు కట్టిన బురద, పక్కల చిందిన బురద, పైన దుమ్ము. సిపాయిల బూట్లు కూడా మోకాళ్ళ దాకా మట్టిలో దిగబడ్డట్టు ఉన్నాయి. ఇన్నేళ్ళు అటక మీదున్నాయి కదా అనుకున్నాను.

"పాతవి పిన్నీ. రేపు అమ్మకానికి."

"పాతవైతే మాత్రం? మీ నాన్న పాత సైకిలు అమ్మినప్పుడు కడక్కండా ఇచ్చేడేటి? ఆ ముసలాయనకి కళ్ళు అవుపడక ఇలాగొగ్గీసేడు. కుర్రోడివి, నీకేటయ్యింది?"

నాకు సిగ్గేసింది. మా నాన్న ఆ సైకిలును కడిగి, తుడిచి, చైనుకు నూనె రాసి, బెల్లు బిగించి మరీ ఇచ్చిన మాట నిజం. మనింట్లోంచి పోయే వస్తువు మన పరువుతో పోతుందనేవాడు. ఇద్దరం బకెట్టు దగ్గర కూర్చున్నాం. కుంకుళ్ళు నానబెట్టి నురగ తీసి, పాత టూత్ బ్రష్‌తో ఒక్కో ట్యాంకునీ చక్రం చక్రం, ఒక్కో సిపాయినీ బూటు బూటు తోమాం. నీళ్ళు గంగ రంగుకు తిరిగాయి. "సూసేవా, ఎంత మురికో!" అని పిన్ని ప్రతి బకెట్టుకీ నాకు చూపించింది. రెండు గంటల్లో డాబా మీద తువ్వాలు పరిచి ఆరబెడితే ముప్పై ఎనిమిది ట్యాంకులూ ఇప్పుడే షాపులోంచి వచ్చినట్టు నిగనిగలాడాయి. జీవితంలో ఇంత తృప్తిగా ఏ పనీ చెయ్యలేదనిపించింది. (ఆఫీసులో అప్పటిదాకా నాకు పనేమీ ఇవ్వలేదు కూడాను.)

పెట్టె సర్దబోతుంటే పిన్ని ఆపింది. "యుద్ధానికి ఎల్తన్న బళ్ళు, బొట్టు లేకండా పంపిస్తావేట్రా?"

"నిజం యుద్ధం కాదు పిన్నీ."

"ఏ యుద్ధవైతే ఏటి? దసరా దగ్గరికొచ్చింది, ఆయుధాలకి బొట్టెట్టాల."

కుంకుమ నూనెలో కలిపి, అగ్గిపుల్లతో ముప్పై ఎనిమిది ట్యాంకుల నుదుటా చుక్క పెట్టింది. ట్యాంకుకు నుదురెక్కడో వెతికి చూపించింది నేనే.

ఆదివారం ఆ హాల్లో అడుగుపెట్టాక నాకు దిక్కు తెలియలేదు. బల్లల మీద థర్మోకోల్ కొండలు, స్పాంజి ముక్కల చెట్లు. నెరిసిన గడ్డాలవాళ్ళు బల్లకు చెంప ఆనించి, కొండ వెనకున్న సిపాయి కొండ ముందున్న సిపాయికి కనిపిస్తాడా లేదా అని వాదించుకుంటున్నారు. ఒకాయన పాచిక వేసి "నా గుర్రాలన్నీ పోయాయి" అని నిజంగా దిగులు పడ్డాడు. పాత సామాను బల్ల వెనక నాకు ఒక కుర్చీ ఇచ్చారు. దీదీ ఇంకా రాలేదు. పెట్టె మూసుకుని బుద్ధిగా కూర్చుంటే సరిపోయేది. అంత శుభ్రంగా తోమిన వస్తువులు మూసి ఉంచడానికి మనసొప్పక అన్నీ వరసగా బయట పేర్చాను.

జనం మూగారు. పిలక జుట్టాయన ఒకడు ట్యాంకు ఎత్తి, కుంకుమ చుక్క చూసి, కళ్ళు చిన్నవి చేశాడు. ఇది ఎడారిలో పోరాడిన ఒక దళం గుర్తు అన్నాడు. కాదు, గాయపడ్డవాళ్ళను మోసుకొచ్చే బళ్ళకు ఇలాంటి చుక్క పెట్టేవాళ్ళు అన్నాడు లావు కళ్ళద్దాలాయన. ఇద్దరూ ఫోన్లలో బొమ్మలు వెతికారు, గొంతులు పెరిగాయి. చివరికి నావైపు తిరిగి ఏది నిజమని అడిగారు. పిలకాయనకు తల ఊపాను. కళ్ళద్దాలాయన బాధపడతాడని ఆయనకూ ఊపాను. అప్పుడే పిన్ని ఫోన్ చేసింది, "బోణీ అయ్యిందేట్రా?" అని. గొంతు తగ్గించి "ఇంకా లేదు పిన్నీ" అన్నాను. పక్కనున్న సన్నటి కుర్రాడు ఒక్కసారి మొహం విప్పార్చుకుని తిరిగాడు. వరంగల్ నుంచి వచ్చి మా ఆఫీసుల వైపే పనిచేస్తున్నాడట.

"అన్నా, మీరు తెలుగోల్లా! గీ బండ్లకు బొట్లెవరు వెట్టిన్రు? దసరకు మా నాయిన ట్రాక్టరుకు గిట్లనే వెడ్తడు!"

నాతో అని ఊరుకుంటే బాగుండేది. సంతోషం పట్టలేక అందరికీ ఇంగ్లీషులో వివరించి చెప్పాడు. పిలకాయనా, కళ్ళద్దాలాయనా ఫోన్లు జేబుల్లో పెట్టుకుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

సరిగ్గా అప్పుడే హౌరా దీదీ వచ్చింది. నేత చీర, భుజానికి గుడ్డసంచి, ఫెర్రీ దిగి గబగబా నడిచొచ్చినట్టుంది, ఊపిరి ఆడడం లేదు. బల్ల మీదికి వంగి ఒక ట్యాంకు తీసింది. తిప్పి చూసింది. రెండోది తీసింది. మూడోది తీయలేదు.

"బురద ఏది?" అంది.

"కడిగేశాను," అన్నాను గర్వంగా. "మొత్తం. ఒక్క మచ్చ లేదు, చూసుకోండి."

ఆవిడ నా కుర్చీలో కూర్చుండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకేసారి 'అయ్యో' అన్నారు, కళ్ళద్దాలాయన తల పట్టుకున్నాడు. ఎవరో చావు కబురు చెప్పినట్టుంది వ్యవహారం. వరంగల్ కుర్రాడే నా చెవిలో నెమ్మదిగా చెప్పాడు: "అన్నా, గది మురికి కాదే. ఆయన వేసిందే. ఆ బురద కోసమే ఆమె వచ్చింది."

వానల్లో బురదలో కూరుకుపోతూ ఇంటిదారి పట్టిన సైన్యమట అది. ఆ బురదను కాకు నాలుగేళ్ళు వేశాడట. మెరుపొస్తుందని పైన వార్నిష్ కూడా పూయలేదట. ఇలాంటి పని ఈ ఊళ్ళో మరెవరికీ రాదట. దీదీ కాకుకి ఫోన్ చెయ్యడానికి బయటికెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే బల్ల చుట్టూ బేరాలు మొదలయ్యాయి. ఎలాగూ ఆవిడ తీసుకోదు, తనకు నాలుగు చాలన్నాడు పిలకాయన. ఎనిమిది ఇచ్చేయమన్నాడు ఇంకొకడు. అందరూ ఒకేసారి బెంగాలీలో మాట్లాడుతున్నారు, చేతులు ట్యాంకుల మీదికి వస్తున్నాయి, మెడ అలవాటు చొప్పున ఊగబోతోంది. ఒక్క ట్యాంకు కూడా విడిపోకూడదన్న మాట తప్ప నా బుర్రలో ఏమీ మిగల్లేదు. రెండు చేతులూ చాపి బల్ల మీద బోర్లా పడి, తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాను. కాకు వచ్చేదాకా అలాగే ఊపుతూ ఉన్నాను.

రానన్నవాడు ఇరవై నిమిషాల్లో టాక్సీలో వచ్చేశాడు, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే. అందరూ తప్పుకున్నారు. ఒక ట్యాంకు తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఆయన వేళ్ళ మధ్య అది వణికింది.

"ఏం పెట్టి కడిగావు?"

"కుంకుడుకాయ, కాకూ."

వాసన చూశాడు. "నాలుగు వానాకాలాల మట్టి," అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

దీదీ కళ్ళు తుడుచుకుని, "ఎన్నిసార్లు అడిగాను కాకూ, ఎలా వేస్తారో ఒక్కసారి చూపించమని. చూపించలేదు. ఇప్పుడది మీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు," అంది.

కాకు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "సిపాయికి కన్ను గీయాలంటే చెయ్యి నిలకడగా ఉండాలి. బురదకు అక్కర్లేదు. వణికే చేత్తోనే బురద బాగా చిందుతుంది." ఇంకా ఏదో ఆలోచించి, "వచ్చే ఆదివారం మా డాబా మీదికి రా. నువ్వు కూడా," అని నావైపు చూశాడు. శిక్ష ఏమిటో అర్థం కాకపోయినా తల ఊపాను.

పదకొండు ఆదివారాలు. పొద్దున్నే ముగ్గురం ఘాట్లకు వెళ్ళి డబ్బాల్లో గంగ మట్టి తెచ్చేవాళ్ళం. ఒక ఘాటు మట్టి చక్రాలకట, ఇంకో ఘాటుది బూట్లకట, నా కంటికి రెండూ ఒకటే. జల్లెడ పట్టడం నా పని. దీదీ కుంచెతో అద్దేది, కాకు వణికే వేళ్ళతో చిందించేవాడు, ఆ చిందు ఎంత ప్రయత్నించినా మా ఇద్దరికీ రాలేదు. మధ్యలో ఒకసారి పిన్ని వచ్చింది. తను తోమిన ట్యాంకులకు మేము మట్టి పూస్తుంటే చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీకు మతులు పోనాయేట్రా!" అని కాసేపు అరిచి, కాకు కుర్చీ వేస్తే కూర్చుని, కాసేపటికి ఉండబట్టలేక, "అలాగ్గాదు దాదా, పల్చగా గంజి కలుపు. మరే కుంకుడుకాయకీ లొంగదు," అంది. నేను దాన్ని హిందీలో చెప్పాను. కాకు లేచి ఆవిడకు నమస్కారం పెట్టాడు. బొట్లు మాత్రం తుడవనివ్వలేదు, వాటి మీదే మట్టి వేయించాడు.

సైన్యం మొత్తం ఒక్కటిగా దీదీ ఇంటికి వెళ్ళిపోయింది. చూడలేనన్నవాడే పెట్టెను స్వయంగా టాక్సీ దాకా మోశాడు.

ఆ తర్వాతి ఆదివారం అలవాటు చొప్పున డాబా ఎక్కితే కాకు అప్పటికే అక్కడున్నాడు. చెయ్యడానికి ఇద్దరికీ ఏ పనీ లేదు. టీ తాగుతూ ఆయన అన్నాడు: "నువ్వు కడక్కుండా ఉంటే, నేను ఆ ఆదివారం సాయంత్రమే ఒంటరివాణ్ణి అయిపోయేవాణ్ణి."

ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు ఇంకో ఆరేళ్ళు పట్టింది, అది కూడా వేరే ఊళ్ళో, రెడ్ సిగ్నల్ దగ్గర బండి ఆపుకుని ఉండగా. అప్పటి నన్ను, ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, భుజం పట్టి కుదిపి 'ఒరే, ఆయన నిన్ను తిట్టడం లేదురా' అని చెప్పాలనిపిస్తుంది. వాడు వింటాడా! చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఎంతో మర్యాదగా, "సారీ కాకూ, ఇంకెప్పుడూ కడగను," అన్నాడు.