తెల్లగోడలు చూసి ఎంచుకున్న కన్ను

తొంభైలలో కరీంనగర్ జిల్లాలో, గోదావరి ఒడ్డున ఓ బొగ్గుబావిలో సర్వే పని చేసేవాణ్ణి. ఒక పాత సొరంగంలో కప్పు కూలి, చెన్నూరు వైపు నుంచి వచ్చిన కార్మికుడు లోపలే ఉండిపోయాడు. బతికి లేడని అందరికీ తెలుసు. అతని అన్న కూడా మా బావిలోనే, కప్పుకు కర్ర ఊతలు నిలబెట్టే పనిలో ఉండేవాడు. ఆయన అడిగింది ఒక్కటే: కొరివి పెట్టడానికి తమ్ముడి శవం. లోపల తోవ మిగిలిందని నక్షా చూపిస్తే తప్ప మనుషుల్ని పంపేది లేదన్నారు పైవాళ్లు.

ఆ నక్షా కోసం చక్రాల బండి ఒకటి తయారుచేశాం. దాన్ని మరమనిషి అనేవాళ్లం. మనిషితనం ఎలాగూ లేదు, మర కూడా అంతంతమాత్రమే. దానికో కన్ను కావాలి. లేజర్ వెలుగు గోడకు తగిలి తిరిగొస్తే దూరం తెలుస్తుంది. ఆ దూరాలన్నీ కలిస్తే నక్షా అవుతుంది, తానెక్కడుందో బండికీ అంతుబడుతుంది. రెండు పరికరాలు తెప్పించారు. ఒకటి బరువు, నల్లటి వాటిని కూడా చూస్తుందని దాని కాగితంలో రాసుంది. రెండోది తేలిక, చాలా దూరం చూస్తుందట. మా బండి బ్యాటరీ నా నడుము లాంటిది, బరువు చూస్తే మొరాయిస్తుంది.

రెండింటినీ బావి పెద్దదారిలో పరీక్షించాం. బొగ్గుదుమ్ము భగ్గుమనకుండా గోడల మీద సున్నపురాయి పొడి చల్లడం బావుల్లో అలవాటు. ఆ వారం తనిఖీ ఉందని మావాళ్లు నాలుగు గుప్పెళ్లు ఎక్కువే చల్లారు. బావి పెళ్లిల్లులా మెరిసిపోతోంది. తేలికది చివరిదాకా చూసింది. దాన్నే ఎంచుకున్నాం. ఆ తెలుపు మాకెంత అలవాటంటే, దాని వెనక ఉన్నది బొగ్గని ఒక్కరికీ తట్టలేదు.

కూలిన సొరంగంలో పొడి ఎవరు చల్లుతారు? బండి లోపలికి పోయింది. బయట మా ముందున్న తెర మీద ఒక్క గోడా కనపడలేదు, అంతా ఖాళీ. నా పక్కన నిలబడ్డ ఆ అన్న ముఖం వెలిగింది.

"తొవ్వ సాఫ్ ఉన్నట్టే గద సార్? జర జెప్పుండ్రి, తమ్మునికి కప్పెటందుకు కొత్తబట్ట గూడ దెచ్చుకున్న."

నల్లటి తడి బొగ్గు వెలుగును మింగేసిందని నాకు అప్పటికి అర్థమైంది.

"తొవ్వ గాదన్నా. పంపిన వెలుగు మల్ల రాలే, గంతే."



"మా తమ్ముడు గూడ రాలే సార్."

బండి ఎక్కడో రాయికి తట్టుకొని ఆగింది. ఎక్కడుందో దానికీ తెలియదు, మాకూ తెలియదు. తాడు పట్టి బయటికి లాగాం. బరువుదాన్ని బిగించి ఇంకోసారి పంపుదామని, గట్టి బ్యాటరీ ఇప్పించమని పోయి అడిగాను. అది వచ్చేలోగా లోపల విషవాయువు పేరుకుందని తేలి, సొరంగం మూతికి గోడ కట్టించారు. కాదనలేకపోయాను. మరొకరి అన్న వచ్చి అదే చోట నిలబడకూడదు కదా. గోడ లేవకముందే ఆయన మూతి దగ్గరి బొగ్గుమన్ను పిడికెడు తీసి, ఆ కొత్తబట్టలో కట్టుకొని గోదావరికి పోయాడు.

తేలిక పరికరాన్ని వాపసు చేసేముందు, బాగానే పనిచేస్తోందని నేను సంతకం పెట్టాలి. ఆ కొత్తగోడ ముందే పెట్టి చూశాను. దాని మీద కూడా తెల్లపొడి చల్లి ఉంది. దూరం వెంట్రుకవాసి తేడా లేకుండా చూపించింది.

సంతకం పెట్టాను.