సల్ల అవ్వ చెప్పిన అంకె

ఆ రోజుల్లో పోయినవన్నీ కూడితే ఇంత: నలభై ఒక్క జవాబులు, ఒక అసలు ఫైలు, మేడ్చల్ మొత్తంలో నా అంత లెక్క తెలిసినవాడు లేడన్న నా నమ్మకం. మూడోది పోవడం లాభం కిందే రాసుకోవాలి.

షామీర్‌పేటలో వినబడని పిల్లల బడికి మా లెక్కల పంతులు ఒక వీడియో పాఠం తీశాడు. మాటలన్నీ తెర కింద తెలుగులో పడతాయి. ఆ మాటల ఫైలును ఎక్సెల్ షీటుగా మారిస్తే పక్క గడిలో ఆపా (మా వీధిలో ఉర్దూ ట్యూషన్ చెప్పే ఆవిడ) ఉర్దూ రాస్తుంది. చేత్తో ఎక్కిస్తే సాయంత్రానికి అయిపోయే పని. నేను మేధావిని కదా, మూడు రోజులు కూర్చుని చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఫైల్లో ప్రతి మాటకూ పైన వరుస సంఖ్య ఉంటుంది, అది ఆపాకు అక్కర్లేదు. కాబట్టి ఒట్టి అంకె ఉన్న వరుస కనబడితే పారెయ్యమన్నాను. లెక్కల పాఠంలో జవాబులూ ఒట్టి అంకెలేనని ఈ లెక్కల పురుగుకు తట్టలేదు. పైగా డిస్కులో జాగా మిగులుతుందని అసలు ఫైలు చెరిపేశాను.

"ఏంది భయ్యా, అన్నీ ప్రశ్నలే ఉన్నయ్. జవాబులు ఇంట్ల దాచుకున్నవా?" అంది ఆపా.

"పిల్లలే ఆలోచించాలె ఆపా. పాఠమంటే గట్లనే ఉంటది," అన్నాను, పాఠం చూడకుండానే.

"సల్లమ్మే అవ్వను నీకెన్నేండ్లని అడుగుతరు, ఆమె చెప్పకముందే సల్లెంత అంటరు. గిదేం తమీజ్, గిదేం మర్యాద?"

"నువ్వు ఉర్దూ రాయి. లెక్క నాకొదిలెయ్."

ఆ షీటులోని మాటలే మళ్లీ తెరకెక్కించి బడిలో వేశాం. ప్రశ్న పడుతుంది, ఆ తర్వాత ఖాళీ. పిల్లలు అదో ఆటనుకుని వేళ్లతో జవాబులు చూపించారు (నాకంటే చురుకు). అంతలో తెర మీదికి మజ్జిగమ్మే అవ్వ వచ్చింది. నీకెన్నేండ్లు అవ్వా? అవ్వ నవ్వుతూ ఏదో అంది. కింద ఖాళీ. వేళ్లన్నీ దిగిపోయాయి. ముందు వరుసలో పాప వెనక్కి తిరిగి, చెయ్యి తిప్పి, ఎంత అని నన్ను అడిగింది.

"లెక్కలు తెలిసినోనివి గద, చెప్పు ఇగ," అన్నాడు పంతులు.

నలభై జవాబులు ఆ పూటే లెక్కగట్టి ఎక్కించాను. అవ్వ మాట దగ్గర మాత్రం బస్సు హారన్ తప్ప ఏమీ వినబడదు. పంతులుకు గుర్తులేదు. వీడియో తీసిన తుర్కపల్లి దారిలో అవ్వ మళ్లీ కనబడలేదు. డెబ్బై అని రాసి పారెయ్యమన్నారు. తెలియని అంకె నేను రాయను. అప్పటికి మిగిలిన పరువు అదొక్కటే.

ఇప్పుడు నా నెత్తీ నెరిసింది. ఎన్నేండ్లని ఎవరన్నా అడిగితే ఒట్టి అంకె ఠక్కున చెప్పేస్తాను, వెంటనే ఆ చిన్న చెయ్యి కళ్ల ముందు తిరుగుతుంది. నలభై ఒకటిలో నలభై తీరాయి. ఆ పాపకు నా బాకీ, ఇవాళ్టికీ, ఒకటి.