తాళం వేసిన ఇంటికి మూడోసారి

నిన్న పొద్దున వనపర్తిలో కాలేజీకి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. సుగుణక్క పోయిందన్నారు.

ఏ సుగుణక్క అని అడిగాను.
తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

మొన్న ఆదివారమే మాట్లాడింది. గొంతు ఎప్పట్లాగే ఖంగుమంది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. సర్వేలు చేసే అక్క. పదో తరగతి చదువు, భుజానికి గుడ్డ సంచి, అందులో ఫారాలు. నా పీహెచ్‌డీ కోసం బల్మూర్ వైపు ఊళ్లన్నీ నాతో తిరిగింది. కూలీల పిల్లలు బడికి పోతున్నారా లేదా అన్నది నా టాపిక్.

ఊరి లిస్టులో ప్రతి పదో ఇల్లు మా శాంపిల్. ఒక ఊళ్లో అలా వచ్చిన ఇంటికి తాళం ఉంది. వలస పోయారట.

ఎండ మాడ్చేస్తోంది. "పక్కింట్ల రాసుకుందాం అక్కా" అన్నాను.

అక్క పెన్నుకు క్యాప్ పెట్టేసింది.

"తాళమేసి పోయినోళ్ల పిల్లలే గద తమ్మీ బడికి పోనోళ్లు. వాళ్లను ఇడిసిపెట్టి, పిల్లలందరు బడికి పోతున్నరని రాస్తవా? నీ చిన్నప్పుడు మీ ఇంటికి తాళం పడలేదా?"

పడింది. రెండేళ్లు.
అమ్మానాన్నల వెంట నేనూ కాలువ పనుల దగ్గరే ఉన్నాను. అక్క ఆ మాట అన్నాక సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఇంకోసారి వెళ్లాం. తాళమే. పక్కింట్లో ఫోన్ నంబర్ తీసుకుని, వాళ్లు పండక్కి ఎప్పుడొస్తారో కనుక్కుని, మూడోసారి అక్క ఒక్కతే బస్సెక్కి పోయింది. ఫారం నింపుకొచ్చింది. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇద్దరూ బడి మానేశారు.

అలాంటి ఇళ్లు కలిసేసరికి నా థీసిస్ చెప్పే మాటే మారిపోయింది.

ఎంత తిరిగినా దొరకని వాళ్లూ ఉన్నారు. "దొరకలేదనే రాయి. దాసకు" అంది. అలాగే రాశాను.

వైవాలో మొదటి ప్రశ్నే అది. తాళం వేసిన ఇళ్లను ఏం చేశారని. అంత ధైర్యంగా నేను ఇంకే ప్రశ్నకూ జవాబు చెప్పలేదు.

థీసిస్‌లో తన పేరు చూపిస్తే, "జర పెద్దక్షరాలల్ల ఏయకపోయినవా!" అని నవ్వింది.

మూడోసారి కూడా వెళ్లి తలుపు తట్టండని ఇప్పుడు నా స్టూడెంట్స్‌కు చెప్తుంటాను. టెక్స్ట్‌బుక్‌లో రూల్ అనుకుని రాసుకుంటారు. అది మా సుగుణక్క రూల్ పిల్లలూ. చెప్పినప్పుడల్లా గర్వంగా ఉంటుంది. ఈరోజు ఏడుస్తూ కూడా గర్వంగానే ఉంది.

పోయిరా అక్కా. మస్తు తిరిగినవ్.
నువ్వు పోయినకాడ తలుపు మొదటిసారికే తెరవాలె. నిన్ను లోపలికి పిలిచి, నిమ్మళంగ కూసోబెట్టాలె.